అడుగులకు అరిసెలు ఆలస్యమైతే...

పాపాయి బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులు వేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు, పలుకులు నేరిస్తే పంచదార చిలకలు! పసిపిల్లల ఎదుగుదలకు తెలుగువారు పెట్టుకున్న కొలబద్ద ఇది. పిల్లల డాక్టర్లు చార్టులో రాసుకొని ‘మైలురాళ్ళు’ అని పిలిచేవాటినే మన అమ్మమ్మలు పిండివంటలతో గుర్తుపెట్టుకున్నారు. ఎదురింటి పాపకు అరిసెలు పంచిపెట్టి ఆరు నెలలైంది, మన పాపకు ఇంకా పంచలేదు అనే సంగతి ఎవరూ చెప్పకుండానే వీధి అందరికీ తెలిసిపోతుంది.

అయితే ఆ తేడా కంటపడిన తరువాత ఏం చేయాలి? పిండివంటల పట్టికలో దీనికి జవాబు లేదు. ఉన్నదల్లా ఒక ఓదార్పు: ‘వాళ్ళ నాన్నకీ నాలుగేళ్ళకి గాని మాటలు రాలేదు, కంగారు పడకు.’ ఈ మాట కొందరు పిల్లల విషయంలో నిజమే అవుతుంది. కాస్త వెనుకబడినా వాళ్ళంతట వాళ్ళే అందుకుంటారు. మరికొందరి విషయంలో మాత్రం ఇలా ఎదురుచూస్తూ పోయిన రెండేళ్ళే అత్యంత విలువైన రెండేళ్ళు. ఎవరు ఏ కోవకు చెందుతారో ఊరకే చూసి చెప్పడం కష్టం.

ఎదుగుదలలో వెనుకబడిన పసివాళ్ళకు బడి ఈడు రాకముందే, వీలైతే మొదటి పుట్టినరోజు లోపే శిక్షణ మొదలుపెట్టాలనే ఆలోచనను ఇప్పుడు ‘సత్వర చికిత్స’ అంటున్నాం. ఇందులో మందుల పాత్ర తక్కువ. కూర్చోబెట్టడం, పట్టుకోవడం నేర్పడం, మింగడం నేర్పడం, మాట కలపడం, ఆడించడం వంటివే ఎక్కువ. ఇంత సాదా విషయాన్ని శాస్త్రం ఒప్పుకోవడానికి నూరేళ్ళకు పైగా పట్టింది. ఒప్పుకున్న తరువాత అది పేదవాడి గుమ్మం దాకా రావడానికి మరెన్నో ఏళ్ళు పట్టింది, ఇంకా పడుతూనే ఉంది. ఆ కథే ఈ వ్యాసం.

టికియాపారా నుంచి చూస్తే

సికింద్రాబాద్ నుంచి హౌరా వెళ్ళే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో మీరు ఎప్పుడైనా ప్రయాణం చేశారా? గమ్యం చేరబోయే ముందు, సామాన్లు సర్దుకునే హడావిడిలో, కిటికీలోంచి ఒక చిన్న స్టేషను కనిపించి వెనక్కి పోతుంది. అదే టికియాపారా. హౌరాలో బయలుదేరి ఖరగ్‌పూర్ వైపు వెళ్ళే లోకల్ బండికి ఇదే మొదటి స్టేషను. లోకల్ రైలుపెట్టెలను నిలిపి మరమ్మతు చేసే పెద్ద కార్‌షెడ్డు ఇక్కడ ఉంది. స్టేషను చుట్టూ ఇరుకు సందులు, ఒంటిగది కాపురాలు, చిన్న చిన్న వర్క్‌షాపులు. సందుల్లో హిందీ, ఉర్దూ, బెంగాలీ కలగలిసి వినిపిస్తాయి. ఇదే రైలు మార్గాన్ని ఒకప్పుడు బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే అనేవారు. ఖరగ్‌పూర్‌లో వేలాది తెలుగు కుటుంబాలు స్థిరపడటానికి కారణం ఆ రైల్వేయే.

ఈ సందుల్లో ఒక గదిలో ఏడాదిన్నర బిడ్డ ఇంకా కూర్చోలేకపోతున్నాడు అనుకోండి. తల్లి ఎక్కడికి వెళ్ళాలి? 1970లో అడిగితే ఒక జవాబు, 1980లో అడిగితే మరొకటి, ఈనాడు అడిగితే ఇంకొకటి వస్తుంది. ఆ మూడు జవాబుల మధ్య దూరమే ఈ చికిత్స చరిత్ర. కాని మొదటి జవాబు అర్థం కావాలంటే ముందు పారిస్ నగరానికి వెళ్ళాలి.

అడవి బాలుడు, డాక్టరు, ఒక ఇల్లాలు

1800 సంవత్సరంలో ఫ్రాన్స్‌లోని అవేరోన్ ప్రాంతంలో అడవిలో తిరుగుతున్న పన్నెండేళ్ళ ఈడు బాలుడొకడు జనానికి చిక్కాడు. మాట లేదు, మనుషుల తీరు లేదు. వాణ్ణి పరీక్షించిన పెద్ద వైద్యులు బుద్ధిమాంద్యమని, ఇక చేయగలిగింది లేదని తేల్చారు. పారిస్ బధిరుల సంస్థలో పనిచేసే జాన్ ఇటార్డ్ అనే యువ డాక్టరు మాత్రం ఒప్పుకోలేదు. ఆ బాలుడికి విక్టర్ అని పేరు పెట్టి, దాదాపు ఐదేళ్ళపాటు రోజూ కూర్చోబెట్టి చూపు, వినికిడి, స్పర్శ ఒక్కొక్కటిగా మేల్కొలిపే అభ్యాసాలు చేయించాడు. 1801లో ఒకటి, తరువాత కొన్నేళ్ళకు మరొకటి నివేదికలు రాశాడు.

విక్టర్ కొన్ని పదాలు చదవడం నేర్చాడు, ఇంటి పనుల్లో చేయి కలిపాడు, కాని మాట్లాడలేకపోయాడు. ఇటార్డ్ తాను ఓడిపోయానని భావించాడు. ఈ ప్రయోగం నుంచి తరువాతి తరాలు రెండు పాఠాలు నేర్చుకున్నాయి. మొదటిది, ‘చేయగలిగింది లేదు’ అన్న బిడ్డకు కూడా ఓపికగా నేర్పితే ఎంతో కొంత వస్తుంది. రెండవది, ఈ పని పన్నెండేళ్ళకు కాక ఇంకా ఎంతో ముందే మొదలు కావాలి. మూడవ పాఠం కూడా ఉంది గాని దాన్ని గుర్తించడానికి చాలాకాలం పట్టింది. విక్టర్‌కు అన్నం పెట్టి, నిద్రపుచ్చి, కోపం వచ్చినప్పుడు లాలించి, ఇటార్డ్ పాఠాలు ముగిసిన తరువాత కూడా 1828లో అతడు చనిపోయేదాకా కనిపెట్టుకొని ఉన్నది మదాం గెరాన్ అనే ఇల్లాలు. చరిత్ర పుస్తకాలలో ఆమెకు ఒకటి రెండు వాక్యాలే దక్కాయి.

ఇటార్డ్ శిష్యుడు ఎడ్వర్డ్ సెగ్వాన్ ఆ అభ్యాసాలను ఒక పద్ధతిగా మలచి 1846లో పుస్తకం రాశాడు, తరువాత అమెరికా వెళ్ళి అక్కడ బడులు పెట్టించాడు. ఆ పుస్తకాన్ని స్వయంగా చేత్తో రాసుకుంటూ చదివిన ఇటలీ డాక్టరు మరియా మాంటిస్సోరి, బుద్ధిమాంద్యం గల పిల్లల కోసం తయారైన ఆటవస్తువులను 1907లో రోమ్ నగరంలోని సాన్ లొరెంజో అనే పేదవాడలో మామూలు పిల్లల చేతికి ఇచ్చింది. ఈరోజు మన పట్టణాలలో ఖరీదైన బడులకు తగిలించే మాంటిస్సోరి పేరు వెనుక ఉన్నది పేదవాడ, దానికి ముందు వికలాంగ శిశువుల బడి! ఆమె 1939లో మద్రాసులోని అడయారు వచ్చి, రెండవ ప్రపంచయుద్ధ కాలమంతా మనదేశంలోనే ఉండి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది.

ఇద్దరు పసిపాపలు నేర్పిన పాఠం

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కొలతలు వచ్చాయి. 1905లో ఫ్రాన్స్‌లో బినె, సిమోన్ తెలివితేటల పరీక్ష రూపొందించారు. 1911లో అమెరికాలో ఆర్నాల్డ్ గెసెల్ యేల్ విశ్వవిద్యాలయంలో పసిపిల్లల పరిశీలనాకేంద్రం తెరిచి, ఏ నెలకు ఏ పని వస్తుందో వందలాది పిల్లలను చూసి పట్టికలు తయారుచేశాడు. ఇప్పటి మైలురాళ్ళ పట్టికలన్నిటికీ ఆయన పట్టికలే పూర్వీకులు. అయితే గెసెల్ ఎదుగుదలను మొగ్గ విచ్చుకోవడంతో పోల్చదగిన సహజ క్రమంగా చూశాడు. దానివల్ల ‘కాలం వస్తే అదే వస్తుంది’ అనే ఇంటి మాటకు శాస్త్రం మద్దతు దొరికినట్లయింది. తెలివితేటలు పుట్టుకతోనే నిర్ణయమైపోతాయని అప్పట్లో చాలామంది శాస్త్రజ్ఞులు గట్టిగా నమ్మేవారు.

ఈ నమ్మకాన్ని కదిలించినవాళ్ళు ఇద్దరు పసిపాపలు. 1930లలో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఒక అనాథాశ్రమం కిక్కిరిసి ఉండేది. పసిపిల్లలను ఊచల తొట్టెలలో ఉంచి, వేళకు పాలసీసా ఇచ్చి వెళ్ళేవారు. ఎత్తుకునే చేతులు లేవు, ఆడుకునే వస్తువులు లేవు. అక్కడి 13 నెలల పాపకు, 16 నెలల పాపకు పరీక్ష చేస్తే తెలివితేటల సూచిక 46, 35 వచ్చాయి. ‘వీళ్ళు ఎదగరు’ అని నిర్ణయించి, ఇద్దరినీ బుద్ధిమాంద్యం గల పెద్దవాళ్ళుండే ఆసుపత్రికి పంపేశారు. ఆరు నెలల తరువాత హరాల్డ్ స్కీల్స్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఆ వార్డుకు వెళ్ళేసరికి ఇద్దరు పాపలూ చలాకీగా పరిగెత్తుతూ కనిపించారు. మళ్ళీ పరీక్ష చేస్తే 77, 87 వచ్చాయి!

ఏం జరిగింది? ఆ వార్డులోని స్త్రీల మానసిక వయస్సు ఐదు నుంచి తొమ్మిదేళ్ళు మాత్రమే. వాళ్ళే ఈ పాపలను పోటీపడి ఎత్తుకున్నారు, ఆడించారు, కబుర్లు చెప్పారు. చికిత్స చేసినవాళ్ళకు తాము చికిత్స చేస్తున్నామని తెలియదు, అంతే.

స్కీల్స్, ఆయన సహచరుడు డై దీన్ని మరికొందరు పిల్లలతో కొనసాగించి 1939లో ఫలితాలు ప్రకటించారు. ఇలా తరలించిన 13 మంది పిల్లల సగటు సూచిక 64 నుంచి 27 పాయింట్లకు పైగా పెరిగింది. అనాథాశ్రమంలోనే ఉండిపోయిన 12 మందికి మొదట్లో సగటు 87 దాకా ఉండేది, అది 26 పాయింట్లు పడిపోయింది. స్కీల్స్ ఈ 25 మందినీ మళ్ళీ వెతికి పట్టుకొని 1966లో ఫలితాలు ప్రచురించాడు. మొదటి జట్టులోని 13 మందీ తమ కాళ్ళమీద తాము నిలబడి బతుకుతున్నారు. వారిలో మధ్యస్థంగా ఉన్నవారి చదువు పన్నెండో తరగతి. రెండో జట్టులో అది మూడో తరగతి కూడా లేదు. వారిలో కొందరు అప్పటికీ ఆశ్రమాల గోడల మధ్యనే ఉన్నారు.

ఈ పరిశోధనను ఎందరో విమర్శించారు. పిల్లల సంఖ్య చిన్నది, రెండు జట్లనూ చీట్లు వేసి ఎంచలేదు. రెండో జట్టు పిల్లలు ఏ పాపం చేశారని అక్కడే వదిలేశారు అనే ప్రశ్నకు ఈనాటికీ మంచి జవాబు లేదు. అయినా ‘కాలం వస్తే అదే వస్తుంది’ అనే మాటను ఇది గట్టిగా ఎదిరించింది. అమెరికాలో 1965లో పేదపిల్లల కోసం మొదలైన ‘హెడ్ స్టార్ట్’ పథకం వెనుకా, పుట్టుక నుంచి మూడేళ్ళ దాకా సేవలు అందించాలన్న 1986 నాటి చట్టం వెనుకా ఈ పరిశోధన నీడ ఉంది.

మెదడు ఎందుకు తొందరపెడుతుంది?

మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. ఈ సామెతకు జీవశాస్త్రంలో ఆధారం 1960లలో దొరికింది. హ్యూబెల్, వీజెల్ అనే శాస్త్రజ్ఞులు పిల్లి పిల్లల ఒక కంటిని పుట్టిన తొలి నెలల్లో మూసి ఉంచి, తరువాత తెరిచారు. కన్ను ఆరోగ్యంగానే ఉంది, కాని చూపు లేదు! ఆ కన్ను నుంచి కబురందుకోవలసిన మెదడు భాగాన్ని రెండో కన్ను ఆక్రమించుకుంది. పెద్ద పిల్లి కంటిని అంతకాలం మూసినా అలా జరగలేదు. ఈ కృషిలో భాగస్వాములైన వీరిద్దరికీ 1981లో నోబెల్ బహుమతి లభించింది.

పసిమెదడు అవసరానికి మించిన నాడీ సంధానాలను ముందుగా ఏర్పరచుకొని, వాడుకలో ఉన్నవాటిని ఉంచుకుని వాడనివాటిని రాల్చేస్తుంది. పొలంలో నీళ్ళు పారే కాలువ లోతవుతుంది, పారనిది పూడిపోతుంది కదా, అలాగన్నమాట. ఒక చోట గాయమైతే పక్కదారిన కొత్త కాలువ తవ్వుకునే శక్తి కూడా పసిమెదడుకే ఎక్కువ. అలాగని మూడేళ్ళు నిండగానే తలుపు మూసుకుపోతుందని భయపడకండి. చూపు వంటి కొన్నింటికి గడువు గట్టిది. భాష, నడక, నేర్పు వంటివాటికి తలుపు నెమ్మదిగా, ఏళ్ళ తరబడి దగ్గరవుతుందే గాని మూసుకోదు. పదేళ్ళ బిడ్డకూ శిక్షణ ఉపయోగమే. చిన్నప్పుడైతే తక్కువ శ్రమతో ఎక్కువ ఫలితం, అంతే తేడా.

చికిత్సా పద్ధతులు కూడా మారుతూ వచ్చాయి. నాజీల జర్మనీ నుంచి లండన్‌కు తరలివచ్చిన బెర్టా, కారెల్ బోబాత్ దంపతులు సెరిబ్రల్ పాల్సీ పిల్లల కోసం 1940లలో రూపొందించిన పద్ధతి దశాబ్దాల పాటు ప్రపంచమంతా రాజ్యమేలింది. అందులో చికిత్సకుని చేతులు బిడ్డ కదలికలను సరిదిద్దేవి. తరువాతి పరిశోధనలలో తేలిందేమిటంటే, బిడ్డ శరీరాన్ని మనం కదిలించినందువల్ల ఫలితం స్వల్పం. బిడ్డ తనకు కావలసిన బొమ్మ కోసమో, అమ్మ కోసమో తానే కదలడానికి ప్రయత్నించాలి, అదీ రోజుకు పదిసార్లు, ఇంట్లోనే. వారానికి ఒకసారి క్లినిక్‌లో గడిపే అరగంట చాలదు. విక్టర్ కథలో మదాం గెరాన్, అయోవా కథలో వార్డు స్త్రీలు చేసిన పనికి చివరకు శాస్త్రం గుర్తింపు దొరికిందన్నమాట.

మనదేశంలో తొలి అడుగులు

మనదేశంలో బుద్ధిమాంద్యం గల పిల్లల కోసం ఏర్పడిన తొలి నిలయాలలో ఒకటి 1918లో కర్సియాంగ్ కొండలలో మొదలైంది. 1933లో గిరిజాభూషణ్ ముఖర్జీ ఝార్‌గ్రామ్‌లో ‘బోధనా నికేతన్’ స్థాపించాడు. ఈ ఝార్‌గ్రామ్ టికియాపారా మీదుగా పోయే రైలు మార్గంలోనే, ఖరగ్‌పూర్‌కు అవతల ఉంది. హైదరాబాద్‌లో 1968లో ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ ఏర్పడింది. ఇవన్నీ మొదట్లో బడి ఈడు పిల్లల కోసం ఏర్పడినవి. 1970లో టికియాపారా తల్లికి దొరికే జవాబు ఏమిటో ఇప్పుడు మీరే ఊహించగలరు: ‘ఐదేళ్ళు రానీయండి, అప్పుడు చూద్దాం.’

1972లో బొంబాయిలో మిథు ఆలూర్, సెరిబ్రల్ పాల్సీ ఉన్న తన కూతురిని చేర్చుకునే బడి దేశంలో లేకపోవడంతో తానే ఒక కేంద్రం తెరిచారు. అదే స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ ఇండియా. ఆ స్ఫూర్తితో 1974లో కలకత్తాలో సుధా కౌల్ మొదలైనవారు తూర్పు భారత శాఖను స్థాపించారు. తారాతలాలో ఉన్న ఆ సంస్థనే ఇప్పుడు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సెరిబ్రల్ పాల్సీ అంటున్నారు. 1976లో హౌరాలోనే, పిల్ఖానా మురికివాడలో పనిచేసిన ఫ్రెంచి మతగురువు ఫ్రాంస్వా లాబోర్డ్, వికలాంగ బాలల కోసం ‘హౌరా సౌత్ పాయింట్’ నెలకొల్పాడు. 1978లో కలకత్తా ఉత్తరాన బన్‌హుగ్లీలో ఎముకలు, అవయవాల వైకల్యాల జాతీయ సంస్థ వచ్చింది.

తెలుగునేల మీద 1977లో డాక్టర్ పి. హనుమంతరావు సికింద్రాబాద్‌లో ‘స్వీకార్’ ప్రారంభించారు. 1984లో సికింద్రాబాద్‌లోని మనోవికాస్‌నగర్‌లో కేంద్రప్రభుత్వం జాతీయ మానసిక వికలాంగుల సంస్థను ఏర్పాటుచేసింది. మాటలోని చిన్నచూపు పోవాలని తరువాత దాని పేరు మారింది. ఇప్పుడు అది మేధోపరమైన వైకల్యం గల వ్యక్తుల సాధికారత జాతీయ సంస్థ. 1987లో తిరువనంతపురంలో డాక్టర్ ఎం.కె.సి. నాయర్ ఆధ్వర్యంలో శిశువికాస కేంద్రం మొదలైంది. 1989లో మద్రాసులో మధురం నారాయణన్ కేంద్రం పసిపిల్లల కోసం ‘ఉపనయన్’ కార్యక్రమాన్ని చేపట్టింది. కదలిక, స్వయంసేవ, భాష, గ్రహణశక్తి, కలుపుగోలుతనం అనే ఐదు రంగాలలో ఒక్కొక్కదానిలో 50 చొప్పున చిన్న చిన్న మెట్లు, తల్లి ఇంట్లో ఎక్కించగలిగే మెట్లు, అందులో ఉన్నాయి.

కొలతలు కూడా మనవే కావాలి. అమెరికా పరీక్షలలోని బొమ్మలు, అలవాట్లు మన పిల్లలకు తెలియవు. బరోడాలో ప్రమీలా ఫాటక్ భారతీయ శిశువుల కోసం కొలమానాలు తయారుచేశారు. తిరువనంతపురం కేంద్రం రెండేళ్ళ లోపు పిల్లల కోసం కేవలం 17 అంశాల పట్టిక రూపొందించింది. దాన్ని అంగన్‌వాడీ కార్యకర్త కూడా కొద్ది నిమిషాలలో వాడగలదు.

నది దాటవలసిన చికిత్స

ఇప్పుడు 1980 నాటి జవాబు చూద్దాం. తారాతలాలో చికిత్స ఉంది, బన్‌హుగ్లీలో ఉంది. రెండూ హుగ్లీ నదికి అవతలి గట్టున ఉన్నాయి. టికియాపారా ఇవతల ఉంది. రెండవ హుగ్లీ వంతెన అయిన విద్యాసాగర్ సేతువు 1992 అక్టోబరులో గాని తెరుచుకోలేదు. అంతవరకు మెడ నిలవని బిడ్డను చంకనేసుకుని కిక్కిరిసిన బస్సులో హౌరా బ్రిడ్జి మీదుగా వెళ్ళాలి, లేదా రేవులో లాంచి ఎక్కాలి. ఒక పూట కూలి పోతుంది, ఇంట్లో మిగతా పిల్లలను చూసేవారుండరు. రెండు వారాలు వెళ్ళి మూడో వారం మానేసిన తల్లిని ‘శ్రద్ధలేనిది’ అనడం ఎంత అన్యాయమో మీరు గ్రహించే ఉంటారు. ఇప్పుడు హౌరా మైదాన్ నుంచి నది అడుగున మెట్రో కూడా నడుస్తోంది, 2024 మార్చిలో ప్రారంభమైంది. ప్రయాణం తగ్గింది గాని ఆ పూట కూలి నష్టం తగ్గలేదు.

అందుకే ప్రశ్న తలకిందులైంది. బిడ్డను చికిత్స దగ్గరకు మోసుకుపోయే బదులు చికిత్సనే సందులోకి తీసుకుపోతే? 1980లలో ప్రపంచ ఆరోగ్యసంస్థ సమాజ ఆధారిత పునరావాసం పేరుతో ఈ ఆలోచనను ముందుకు తెచ్చింది. 1987లో డేవిడ్ వెర్నర్ రాసిన గ్రామీణ వికలాంగ బాలల పుస్తకం వెదురుబద్దలతో, పాత టైర్లతో కుర్చీలు, నడక సాధనాలు ఎలా చేసుకోవచ్చో బొమ్మలతో చూపింది.

ఇంటికి వచ్చిన చికిత్స పెద్ద క్లినిక్ చికిత్సకు సాటివస్తుందా? దీన్ని కూడా కొలిచి చూడవలసిందే. తిరువనంతపురంలో నవజాత శిశు వార్డు నుంచి ఇంటికి పంపిన 800 మంది శిశువులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టు తల్లులకు ఇంట్లో చేయవలసిన ప్రేరణ అభ్యాసాలు నేర్పారు. ఏడాదికీ, రెండేళ్ళకూ కొలిస్తే ఆ జట్టు పిల్లలే ముందున్నారు. ఈ ఫలితాలు 2009లో వెలువడ్డాయి. 2016లో ‘లాన్సెట్ సైకియాట్రీ’లో వచ్చిన మరో పరిశోధనలో గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ ఆటిజం ఉన్న 65 మంది పిల్లల కుటుంబాలను తీసుకున్నారు. సగంమంది ఇళ్ళకు స్పెషలిస్టులు కాని శిక్షిత కార్యకర్తలు వెళ్ళి, బిడ్డ ఇచ్చే చిన్న సంకేతాన్ని గుర్తించి బదులు పలకడం తల్లిదండ్రులకు నేర్పారు. తల్లిదండ్రులు బిడ్డకు బదులు పలికే తీరు మెరుగుపడింది, బిడ్డ తనంతట తాను మొదలుపెట్టే సంభాషణా పెరిగింది.

ఇక పశ్చిమబెంగాల్ వంతు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం, కలకత్తాలోని సెరిబ్రల్ పాల్సీ సంస్థ, ఆశాభవన్ సెంటర్ కలిసి సెరిబ్రల్ పాల్సీ ప్రమాదం ఉన్న శిశువుల కోసం ‘లీప్-సి.పి.’ అనే పరిశోధన చేపట్టాయి. దాని ప్రణాళిక 2018లో ప్రచురితమైంది. శిక్షణ పొందిన స్థానిక కార్యకర్త వారానికి ఒకసారి చొప్పున 30 సార్లు ఇంటికి వస్తుంది. ఎత్తుకోవడం, తినిపించడం, స్నానం, ఆట ఇవే పాఠాలు. పోల్చి చూడటానికి మరో జట్టుకు ఆరోగ్య సలహాలు ఇస్తారు. ఏడాది లోపు శిశువులనే ఎంచుకోవడం ఇందులో విశేషం. ఎందుకంటే సెరిబ్రల్ పాల్సీని ఆరు నెలల లోపే పసిగట్టవచ్చని, అందుకు శిశువు పడుకొని చేసే సహజ కదలికల తీరు ఒక మంచి ఆధారమని 2017 నాటికి నిపుణులు తేల్చారు. అంతకు ముందు ఏడాదో, రెండేళ్ళో ఆగి పేరు పెట్టేవారు.

చట్టం ఏమంటుంది, జిల్లాలో ఏముంది?

1992లో భారత పునరావాస మండలి చట్టం, 1995లో వికలాంగుల చట్టం, 1999లో జాతీయ ట్రస్టు చట్టం వచ్చాయి. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండగా 2016 చట్టం 21 రకాలను గుర్తించింది, ఆటిజం అందులో ఒకటి. 2013 ఫిబ్రవరిలో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుక నుంచి 18 ఏళ్ళ దాకా పిల్లలను పరీక్షించే పథకం. సంచార బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు, ఒకసారి ప్రభుత్వ బడులకు వెళ్ళాలి. లోపం కనిపించిన పిల్లలను జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. మనవాళ్ళు ‘డైక్’ అని పిలిచేది దీన్నే. 2021 జూన్‌లో దేశంలో 14 చోట్ల అన్ని వైకల్యాలకూ ఒకేచోట సేవలందించే సత్వర చికిత్సా కేంద్రాలు ప్రారంభమయ్యాయి. సికింద్రాబాద్, నెల్లూరు, కలకత్తా వాటిలో ఉన్నాయి.

అవసరం ఎంత? 2018లో ప్రచురితమైన సర్వేలో హైదరాబాద్‌తో సహా దేశంలోని ఐదు ప్రాంతాలలో పిల్లలను పరీక్షించారు. రెండు నుంచి ఆరేళ్ళ లోపు పిల్లల్లో వినికిడి లోపం, మూర్ఛ, ఆటిజం వంటి నాడీవికాస సమస్యలలో కనీసం ఒకటి ఉన్నవారు ప్రాంతాన్ని బట్టి 2.9 శాతం నుంచి 18.7 శాతం దాకా తేలారు. జిల్లాకు ఒక కేంద్రం, అందులో ఒకరిద్దరు థెరపిస్టులు ఈ సంఖ్యకు చాలరని లెక్కలు రానివారికీ తెలుస్తుంది. కాబట్టి ఈనాటి జవాబు 1970 నాటిదానికంటే ఎంతో మెరుగే గాని దాన్ని రాబట్టుకోవలసింది ఇంకా తల్లే. తోడుగా నిలవవలసినవారిలో మీరూ ఒకరు.

మీరు ఏం గమనించాలి?

ప్రపంచ ఆరోగ్యసంస్థ 2006లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం ఆరోగ్యవంతులైన శిశువులలో దాదాపు అందరూ 9.2 నెలలకు ఆసరా లేకుండా కూర్చుంటారు, 17.6 నెలలకు నడుస్తారు. ఆ గడువు దాటితే ఎదురుచూడకండి. మూడు నెలలకు ముఖం చూసి నవ్వకపోయినా, ఐదు నెలలకు మెడ నిలపకపోయినా, ఏడాదికి పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, వేలితో చూపడం, టాటా చెప్పడం వంటి సైగలు లేకపోయినా, ఏడాదిన్నరకు ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్ళకు రెండు మాటలు కలపకపోయినా డాక్టరుకు చూపించండి. వచ్చిన మాట గాని, పని గాని ఏ వయసులో పోయినా వెంటనే తీసుకువెళ్ళాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు పుట్టిన తేదీ నుంచి కాకుండా పుట్టవలసిన తేదీ నుంచి లెక్కకట్టాలి.

మాట ఆలస్యమైతే మొట్టమొదట వినికిడి పరీక్ష చేయించాలి. తలుపు చప్పుడుకు తిరుగుతున్నాడు కదా అని వదిలేయకండి. కొన్ని ధ్వనులు వినబడి కొన్ని వినబడకపోవచ్చు. జబ్బు పేరు తేలేదాకా శిక్షణ ఆపవలసిన పని కూడా లేదు. ఏ పని రావడం లేదో తెలిస్తే చాలు, ఆ పని నేర్పడం మొదలుపెట్టవచ్చు.

పరాయి రాష్ట్రాల్లో ఉన్న తెలుగువారికి ఒక మాట. ఇంట్లో తెలుగు, సందులో హిందీ, బడిలో బెంగాలీ వినడంవల్లనే బిడ్డకు మాట రావడం లేదని, ఇంట్లో తెలుగు మానేయమని కొందరు సలహా ఇస్తారు. రెండు మూడు భాషలు వినడంవల్ల మాట్లాడే శక్తి దెబ్బతినదని పరిశోధనలు చెబుతున్నాయి. అమ్మ తనకు బాగా వచ్చిన భాషలో మాట్లాడితేనే బిడ్డకు ఎక్కువ మాటలు, ఎక్కువ కబుర్లు, ఎక్కువ ఆట దొరుకుతాయి. పరీక్ష చేసేవారికి మాత్రం ఇంటి భాష ఏదో తప్పక చెప్పండి.

అద్భుత చికిత్సలతో జాగ్రత్త. ఆటిజానికి మూలకణాల చికిత్స సిఫార్సు చేయదగినది కాదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. నగలమ్మి అలాంటి వాటికి లక్షలు పోసే కుటుంబాలకు ఈ మాట చేరవేయండి. మంచి చికిత్స నెమ్మదిగా నడుస్తుంది, తల్లిదండ్రులకు నేర్పుతుంది, ఫలితాన్ని నెలనెలా కొలుస్తుంది, పూర్తిగా నయం చేస్తానని హామీ ఇవ్వదు.

ఆ హామీ లేకపోవడాన్ని నిరాశగా తీసుకోకూడదు. సత్వర చికిత్స పొందిన ప్రతి బిడ్డా నడవకపోవచ్చు, ప్రతి బిడ్డా మాట్లాడకపోవచ్చు. తన చేత్తో తాను తినడం, దాహమైతే సైగ చేయడం, బడిలో పదిమంది మధ్య కూర్చోగలగడం కూడా పెద్ద గెలుపులే. అరిసెలు పంచుకోవడానికి అడుగు ఒక్కటే సందర్భం కాదు కదా! మీ వీధిలో ఏ ఇంట్లోనైనా అరిసెల పండుగ ఆలస్యమవుతోందని మీకు తోస్తే, కంగారు పడవద్దని ఓదార్చి ఊరుకోకండి. అంగన్‌వాడీ కార్యకర్తకు చెప్పండి, జిల్లా కేంద్రానికి వెళ్ళే రోజున ఆ ఇంటి మిగతా పిల్లలను కాసేపు మీ ఇంట్లో కూర్చోబెట్టుకోండి. ఆ తల్లి మూడో వారం కూడా వెళ్ళగలగడానికి అది చాలు.